పోచారం అడవికి ఏ సేవ కావాలి?

మెదక్ పట్టణానికి వచ్చేవారు సాధారణంగా మూడు చోట్లు చూసి వెళ్తారు. ఒకటి కొండమీది కోట. రెండోది 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన పెద్ద చర్చి. మూడోది మంజీర ఏడు పాయలుగా చీలిన చోట వెలసిన ఏడుపాయల అమ్మవారి గుడి. ఆ అమ్మవారి పూర్తి నామం వనదుర్గ. వనాన్ని కాచే తల్లికి మొక్కి వెళ్ళేవారిలో, ఆ వనం ఎక్కడుందని అడిగేవారు అరుదు. పట్టణానికి పదిహేను కిలోమీటర్ల దూరంలోనే పోచారం అభయారణ్యం ఉంది. దాని గురించీ, దానికి మనబోటివారు చేయగలిగిన సేవ గురించీ నాకు తోచిన నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

ఒకప్పుడది నిజాము వేటకు వాడుకున్న అడవి. మంజీరకు ఉపనది అయిన ఆలేరు మీద 1916-1922 మధ్య ఆనకట్ట కట్టగా పోచారం చెరువు ఏర్పడింది. 1952లో చుట్టుపక్కల అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 130 చదరపు కిలోమీటర్లు. 2016లో జిల్లాలను విడదీసిన తర్వాత కొంత మెదక్ జిల్లాలోనూ, కొంత కామారెడ్డి జిల్లాలోనూ ఉంది. చుక్కల దుప్పులు, మనుబోతులు, ఎలుగుబంట్లు, చిరుతలు అక్కడి నివాసులు. చలికాలంలో హిమాలయాలు దాటి వచ్చే గీతల తల బాతులు చెరువులో దిగుతాయి. కనుక అక్కడికి వెళ్ళినవారు జంతువు కనిపించిందా, పక్షి కనిపించిందా అని అడుగుతారే గాని, ఏ చెట్టు కింద నిలబడ్డామని అడగరు. నా అభిప్రాయంలో అసలు లోటు అక్కడే ఉంది.

అడవికి సేవ అనగానే మనకు మొక్కలు నాటడం ఒక్కటే గుర్తుకొస్తుంది. ఇది నేటి అలవాటు కాదు. 1950లో కె.ఎం. మున్షీ కేంద్రమంత్రిగా వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచి జులై మాసం రాగానే బడిపిల్లలు, ఉద్యోగులు, నాయకులు వరుసగా నిలబడి మొక్కలు నాటడం ఆచారమైంది. తెలంగాణ ఏర్పడ్డాక 2015 జులైలో హరితహారం ప్రారంభమైంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలనీ, 230 కోట్ల మొక్కలు నాటాలనీ లక్ష్యం పెట్టుకున్నారు. ఊరి రోడ్ల పక్కన, బడి ఆవరణల్లో, చెరువు గట్ల మీద నీడ పెరిగితే సంతోషించనివారెవరు? ఆ పనిని నేను తక్కువ చేయడం లేదు. కాని మొక్కలను కోట్లలో లెక్కపెట్టడం అలవాటైన మనసు అడవిని కూడా అదే లెక్కతో కొలుస్తుంది. త్వరగా పెరుగుతుంది, పశువులు తినవు, పచ్చగా కనిపిస్తుంది అన్న కారణాలతో కోనోకార్పస్‌ను ఊరూరా నాటారు. ఆ తరువాత దాన్ని పెంచవద్దని నర్సరీలకు చెప్పవలసి వచ్చింది. ఏ మొక్కో చూడకుండా ఎన్ని మొక్కలో మాత్రమే చూస్తే జరిగేది ఇదే.

పోచారం వంటి అడవికి ఈ లెక్క అసలే పనికిరాదు. అది ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, చిరుమాను, తునికి, మోదుగ, రేల, పాలకొడిశ - మన జిల్లా అడవుల్లో ఇవి ముఖ్యమైనవి. మాఘం దాటేసరికి ఆకులు రాలడం మొదలవుతుంది. ఆ కాలంలో మొదటిసారి చూసినవారు అడవి ఎండిపోయిందని జాలిపడతారు. ఎండిపోలేదు, నీటిని పొదుపు చేసుకుంటోంది. ఆకులేని కొమ్మల మీదనే మోదుగ ఎర్రగా పూస్తుంది. వేసవి ముదిరాక రేల పసుపుపచ్చని గుత్తులు దించుతుంది. తొలకరి పడగానే చెట్ల సందుల్లో గడ్డి లేస్తుంది. ఆ సందులు ఖాళీ స్థలాలు కావు. దుప్పికి మేత అక్కడే. నేలమీద గుడ్లు పెట్టే పక్షులకు మరుగు అక్కడే. సదుద్దేశంతో వచ్చిన వంద మంది ఆ ఖాళీల్లో గుంటలు తవ్వి నీడ మొక్కలు నాటితే, మేత బీడును చెరిపినవారవుతారు.

అయితే ఏం చేయాలి? నా సమాధానం రెండు మాటల్లో: కలుపు తీయాలి, పేర్లు తెలుసుకుంటూ నడవాలి.

మొదట కలుపు సంగతి. లాంటానా అందరూ చూసిన మొక్కే. తలంబ్రాల చెట్టు అని కొందరు, పులికంప అని కొందరు అంటారు. ఒకే గుత్తిలో పసుపు, గులాబి, నారింజ రంగుల పూలు. అమెరికా ఖండపు మొక్క. 19వ శతాబ్దపు తొలి ఏళ్ళలో కలకత్తా వృక్షోద్యానానికి అలంకారం కోసం తెచ్చారు. దాని పండ్లను పిగిలిపిట్టలు తిని విత్తనాలను అడవంతా చల్లాయి. ఆకులు పశువులకు విషం, కనుక మేసేవారు లేరు. దాని పొద కింద గడ్డి మొలవదు, తునికి పిల్ల ఎదగదు. వేసవిలో నిప్పు పడితే ఆ పొదలే మంటను కొమ్మలదాకా ఎక్కిస్తాయి. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం దేశంలో పులులు తిరిగే ప్రాంతాల అడవుల్లో లక్షా 54 వేల చదరపు కిలోమీటర్ల మేర లాంటానా వ్యాపించి ఉంది. అది ఆ అడవుల్లో 40 శాతం పైమాటే.

సర్కారు తుమ్మది మరో కథ. పేరులోనే దాని చరిత్ర ఉంది. 1876లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ ఈ విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. మరుసటి ఏడాదే కడప జిల్లా కమలాపురంలో నాటారు. కరువు నేలల్లో వంటచెరకు కోసం అన్నది ఉద్దేశం. వంటచెరకు దొరికిన మాట నిజం. దాని బొగ్గు కాల్చి బతికినవారూ ఉన్నారు. కాని అది నాటిన చోట ఆగలేదు. చెరువు శిఖాలలోకీ, బీళ్ళలోకీ నడిచి వచ్చింది. ఇక వయ్యారిభామ 1950లలో పుణె దగ్గర కంటబడి, రెండు మూడు దశాబ్దాల్లో మన చేల గట్లన్నీ ఎక్కింది.

ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. పరాయి మొక్కలన్నీ పనికిరానివేనా? అలా అనుకుంటే మన వంటిల్లే మిగలదు. మిరప అమెరికాది. చింత ఆఫ్రికాది. బతుకమ్మలో పేర్చే బంతి మెక్సికోది. మెదక్ గుట్టల మీద విరివిగా కాసి, బుట్టల్లో రోడ్ల పక్కకు వచ్చే సీతాఫలం కూడా అమెరికా నుంచి వచ్చిందే. పుట్టుకను బట్టి మొక్కను తరిమే ఆలోచన నాకు లేదు. వచ్చిన మొక్క పక్కవాటిని బతకనిస్తోందా లేదా అన్నదే ప్రశ్న. చింత కింద ఊరు కూర్చుంది. లాంటానా కింద గడ్డిపరక కూడా నిలవలేదు. తేడా అంతే.

లాంటానాను పైన నరికితే ఏడాది తిరక్కుండా రెట్టింపు కొమ్మలతో లేస్తుంది. తగలబెట్టినా అంతే. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్త సి.ఆర్. బాబు బృందం ఒక సులువైన పద్ధతి చెప్పింది. వేరూ కాండమూ కలిసే చోట, మట్టికి రెండు మూడు అంగుళాల లోపల, పలుగుతో వేరును తెగ్గొట్టాలి. పొదను తలకిందులుగా నిలబెట్టి ఎండనివ్వాలి. పిట్టలు వాలే చెట్ల కింద మళ్ళీ మొలిచే పిల్లమొక్కలను వానల తర్వాత చేత్తో పీకాలి. అలా రెండు మూడేళ్ళు పట్టువిడవకుండా చేయాలి. బుల్డోజరు అక్కర్లేదు, మందు అక్కర్లేదు. కావలసినవి పలుగు, ఓపిక, ప్రతి ఏడూ అక్కడికే తిరిగివచ్చే మనుషులు. మూడోదే మనకు కరవు. నాటే పండుగకు ఫోటో ఉంది. పీకే పనికి ఫోటో లేదు.

ఈ పనిలో ప్రపంచానికి పాఠం చెప్పినవారు ఆస్ట్రేలియాలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఐలీన్ బ్రాడ్లీ, జోన్ బ్రాడ్లీ. 1960లలో సిడ్నీ నగరంలో తమ ఇంటి దగ్గరి చిట్టడవిలో రోజూ నడుస్తూ, నడిచినంతసేపూ కొద్దికొద్దిగా కలుపు పీకుతూ, గమనించినవి రాసుకుంటూ వచ్చారు. వారు తేల్చుకున్న నియమాలు మూడు. బాగున్న చోటు నుంచి పాడైన చోటు వైపు పని చేయాలి. మట్టిని వీలైనంత తక్కువగా కదపాలి. స్థానికమైన మొక్క తిరిగి లేచినంత వేగంతోనే మనమూ ముందుకు సాగాలి, తొందరపడి పెద్ద మేర తెరవకూడదు. మన సహజ ప్రవృత్తి దీనికి సరిగ్గా వ్యతిరేకం. అన్నిటికంటే అధ్వానంగా ఉన్న చోటును ఎంచుకొని, ఒక్క ఆదివారంలో శుభ్రం చేసి, బోర్డు పెట్టి వస్తాం. రెండు వానలకు అది మళ్ళీ మూసుకుపోతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో బౌమన్స్ హిల్ అనే స్థానిక మొక్కల రక్షణ వనం 1934 నుంచీ నిలిచి ఉంది. విస్తీర్ణం 134 ఎకరాలు మాత్రమే. కలుపు తీసేవారూ, వచ్చినవారిని వెంట నడిపించి మొక్కలను పరిచయం చేసేవారూ చాలామంది స్వచ్ఛంద సేవకులే. మన పోచారం దానికి రెండు వందల రెట్లకు పైగా ఉంటుంది. చుట్టూ ఊళ్ళున్నాయి, పక్కనే పట్టణం ఉంది.

ఇక నడక సంగతి. ప్రకృతి నడక అనగానే అదేదో నగరవాసుల కొత్త వేడుక అనిపిస్తుంది. మన పండుగలను ఒకసారి తరచి చూడండి. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రి తేవాలి. బదరి అంటే రేగు, అపామార్గం అంటే ఉత్తరేణి, సింధువారం అంటే వావిలి, అర్జునం అంటే మద్ది, శమి అంటే జమ్మి, అర్కం అంటే జిల్లేడు. ఇంటి పిల్లలు ఏడాదికొకసారైనా ఊరి పొలిమేర తిరిగి ఇరవై ఒక్క మొక్కలను ఆకు చూసి గుర్తుపట్టవలసిన పరీక్ష అది. బతుకమ్మ తొమ్మిది రోజులూ తంగేడు, గునుగు, కట్లపూల కోసం బీళ్ళూ గట్లూ తిరిగేవారు. దసరా నాడు ఊరు ఊరంతా జమ్మి దగ్గరికి నడిచేది. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం. ఇన్ని నడకలు పంచాంగంలోనే పెట్టుకున్న జాతికి ప్రకృతి నడకను ఇంకొకరు నేర్పాలా?

నేర్పవలసిన రోజు వచ్చింది. పత్రి ఇప్పుడు బజారులో కట్టగా దొరుకుతుంది. దానిలో ఏ ఆకులున్నాయో అమ్మినవారికీ కొన్నవారికీ పట్టింపు లేదు. పుస్తకంలో అపామార్గపత్రం అని చదువుతారు, చేతికి అందిన ఆకు వేస్తారు. తంగేడు రాష్ట్ర పుష్పమైంది, జమ్మి రాష్ట్ర వృక్షమైంది. కాని గునుగు పూసే చేలలో కలుపుమందు చల్లుతున్నాం. గౌరవం పెరిగింది, పరిచయం తగ్గింది. పేరు తెలియని మొక్క పోయినా మనకు తెలియదు. అందుకే అడవి సంరక్షణలో మొదటి మెట్టు పేరు అంటాను.

ఆ పేర్లు ఎవరి దగ్గరున్నాయి? వృక్షశాస్త్ర గ్రంథాలున్నాయి. ఆచార్య పుల్లయ్య గారు, వారి సహచరులు జిల్లాలవారీగా చేసిన కృషిలో మెదక్ జిల్లా వృక్షసంపద కూడా పుస్తకంగా వచ్చింది. అది అమూల్యమైనదే, కాని ఇంగ్లీషులో ఉంది. తెలుగు పేర్లు మాత్రం మనుషుల నోళ్ళలో ఉన్నాయి. ఎండాకాలం తునికాకు కోసి కట్టలు కట్టేవారికి, మోదుగాకుతో విస్తళ్ళు కుట్టిన అవ్వలకు, గొర్రెల వెంట తిరిగే గొల్ల కురుమలకు, నాటు మందు ఇచ్చేవారికి తెలుసు. పూర్వపు మెదక్ జిల్లాలోనే, జహీరాబాదు పక్కన పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలను చూడండి. ఎక్కువమంది దళిత మహిళలు, చాలామంది బడి ముఖం చూడనివారు. పాత పంటల విత్తనాలను కాపాడటమే కాక, విత్తకుండా చేలో మొలిచే ఆకుకూరలను పేరుపేరునా గుర్తించి, దేన్ని ఎలా వండాలో, ఏ నొప్పికి ఏది పనికొస్తుందో చెప్పగలరు. సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చుకొని ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ పురస్కారం ఆ సంస్థకు వచ్చింది. మనం కలుపు అని పీకి పారేసేదాన్ని వారు కూర అంటారు. కనుక ఏది కలుపో, ఏది కూరో నిర్ణయించే ముందు అడగవలసింది వారిని.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. దాన్ని దాటవేయలేను. అడవిలో పొదలు నరకడం కూలి పని. పట్టణం నుంచి వచ్చినవారు సరదాగా, ఉచితంగా ఆ పని చేస్తే, దానితో పొట్టపోసుకునేవారి కూలి పోదా? పోతుంది. అందుకే బరువైన పని, అంటే ముదిరిన పొదలను వేరుతో తీసే పని, అడవి అంచున బతికేవారికి కూలి ఇచ్చి చేయించాలి. స్వచ్ఛంద సేవకుల పని ఆ తర్వాత మొదలవుతుంది. తీసిన చోట మళ్ళీ ఏం మొలిచిందో ప్రతి ఏడూ చూడటం, పిల్లమొక్కలను పీకడం, లెక్క రాయడం. అలాగే నడకలో పేర్లు చెప్పే పెద్దమనిషికి చేతులు జోడించి ఊరుకోకూడదు. పట్టణంలో పాఠం చెప్పినవారికి ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇవ్వాలి. విద్య విద్యే, అది ఏ భాషలో ఉన్నా.

రెండో ఆక్షేపణ: ఇదంతా అటవీశాఖ పని కదా? అవును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ఆకు తెంచాలన్నా అనుమతి కావాలి. ఎవరికి తోచినట్టు వారు పలుగు పట్టుకొని వెళ్ళకూడదు. కాని 130 చదరపు కిలోమీటర్లలో ఏ మూల ఏం మొలుస్తోందో కొద్దిమంది సిబ్బంది ఎలా చూడగలరు? 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలనీ, ప్రజలే తమ ప్రాంతపు జీవవైవిధ్య రిజిస్టరు రాసుకోవాలనీ చెప్పింది. ఆ చట్టానికి సంబంధించిన అంతర్జాతీయ మహాసభ 2012లో మన హైదరాబాదులోనే జరిగింది. పూర్వపు మెదక్ జిల్లాలోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం హోదా కూడా వచ్చింది. చట్టం తలుపు తెరిచే ఉంది. ఆ రిజిస్టరును కాగితాల కోసం కాక నిజంగా నింపాలంటే నడిచేవారు కావాలి.

నేను కోరే కార్యక్రమం చిన్నది. నెలకొక ఆదివారం. పదిహేను మందికి మించకూడదు. అటవీ అధికారి అనుమతితో, ఊరి మనిషి ముందు నడవగా, ఉదయం రెండు గంటలు. ప్రతి నెలా అదే దారి, ఎందుకంటే మోదుగ మాఘ ఫాల్గుణాల్లో పూసిన సంగతి వైశాఖంలో వచ్చినవాడికి తెలియదు. పన్నెండు నెలలూ ఒకే దారి నడిచినవాడికి మాత్రమే ఆ దారి తెలుస్తుంది. చేతిలో ఒక నోటు పుస్తకం. అందులో మొక్క పేరు, ఆ పేరు చెప్పినవారి ఊరు, పూత కాలం, వాడుక. దారి పక్కన ఒక చిన్న చెక్క, బాగున్న చోటును ఆనుకొని. ఏడాదికి అంతవరకే కలుపు తీయడం. మరుసటి ఏడు ఇంకొక పది అడుగులు. పదేళ్ళకు వంద అడుగులే కావచ్చు. ఆ వంద అడుగుల్లో గడ్డి ఉంటుంది, తునికి పిల్లలు ఉంటాయి, వాటిని పేరు పెట్టి పిలిచేవారుంటారు.

అంతర్జాలంలో తెలుగు రాసేవారికి ఈ పని కొత్త కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఊళ్ళ పేజీలు ఒక్కొక్కటిగా నింపినవారు జీతగాళ్ళు కారు. ఎవరూ అడగకుండానే, ఫోటో లేకుండానే, అక్షరదోషాలు ఏరుతూ కూర్చున్నవారు. కలుపు తీయడమంటే ఏమిటో వారికి చెప్పనక్కర్లేదు. అదే ఓపికలో పదోవంతు మొక్కల పేర్లకు ఇవ్వండి. ఒక మొక్క శాస్త్రీయ నామం వెదికితే ఇంగ్లీషులో పుటలు పుటలు దొరుకుతాయి. తెలుగులో చాలాసార్లు నాలుగు వాక్యాలు, అందులో రెండు అనువాదాలు. మెదక్‌లో ఒక పేరు, పాలమూరులో ఒక పేరు, శ్రీకాకుళంలో మరో పేరు ఉన్న మొక్కకు ఆ మూడు పేర్లూ ఒకచోట చేర్చడం ఏ ప్రభుత్వమూ చేయదు.

మెదక్‌కు మెతుకుసీమ అని పేరు. మెతుకు పుట్టాలంటే చెరువు నిండాలి, చెరువు నిండాలంటే పైనున్న అడవి వాన నీటిని పట్టి నెమ్మదిగా వదలాలి. పోచారం చెరువు కింద పండే వరికీ, ఆ చెరువు పైన మొలిచే గడ్డికీ ఉన్న చుట్టరికం రైతుకు తెలుసు. మిగిలినవారం నడిచి తెలుసుకోవాలి.

చదువరులకు ఒక విన్నపం. పైన రాసిన మొక్కల్లో చిరుమాను, పాలకొడిశ, తునికి, వావిలి - ఈ నాలుగింటికి మీ ఊళ్ళో ఏమని పేరు? మీకు తెలియకపోతే ఇంట్లో పెద్దవారిని అడిగి, వారి మాటల్లోనే రాయగలరు.